ఆఖరికి ఏం మిగిలింది?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలో బ్రదుకువారికి మిక్కిలి పరిచితమైన వాక్య మొకటి కలదు. ధాన్యము తూచి లెక్క కట్టు మిల్లుకాడ, బస్సు కొరకు నిలుచున్న చెట్టునీడను, పెండ్లిపందిట విస్తరి ముందు కూర్చున్న పెద్దలనోట, ఎవని జీవితమును గూర్చి ప్రస్తావన వచ్చినను ఆ వాక్యము వెలువడును: “ఆఖరికి ఏం మిగిలింది?” వినుటకు అది ప్రశ్న, విచారించి చూడగా అది తీర్పు. అడుగువానికి ప్రత్యుత్తర మక్కరలేదు. ఏమియు మిగులలేదని ముందే నిశ్చయించుకొని, ఆ నిశ్చయమునకు ప్రశ్నయను ముసుగు వేయుచున్నాడు. ఈ తీర్పు మిక్కిలి నిర్దయముగా పడునది, తన దేహమునే పెట్టుబడిగా పెట్టి బరిలో దిగిన యోధునిమీద. అది తప్పు తీర్పని నిరూపించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఇటీవల మిర్యాలగూడలో జరిగిన యొక వివాహమునకు పోయియుంటిని. కోదాడనుండి వచ్చిన యువకు డొకడు, హైదరాబాదులో చదువుకొనుచు తెల్లవారుజామున మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అభ్యసించువాడు, స్వీడను దేశీయుడైన అలెగ్జాండర్ గుస్తాఫ్‌సన్ అను యోధుని పోటీని తన ఫోనులో నాకు చూపుచుండెను. ప్రక్కన కూర్చున్న పెద్దమనిషి, వరుసకు అతనికి తాత, కొంతసేపు తానును చూచి, “ఇంతకూ వాడు ఛాంపియన్ అయిండా?” అనెను. “కాలేదు తాతా. మూడుసార్లు దగ్గరిదాకా పోయి ఓడిపోయిండు.” “మరి ఆఖరికి ఏం మిగిలింది బిడ్డా? తన్నులే గదా!” పందిట నలుగురు నవ్విరి. బాలుడు ఫోను జేబులో పెట్టుకొని తల వంచుకొనెను. అతడు ఊరకుండుట వినయముచేతనే గాని, సమాధానము లేకపోవుటచేత గాదు. ఆ సమాధానమును అతని పక్షమున నేను చెప్పవలయునని నాటినుండి తలపోయుచున్నాను.

ఖండింపబూనిన మతమును ముందుగా న్యాయముగా నిలువబెట్టుట మన శాస్త్రకారుల మర్యాద. కావున పూర్వపక్షమును దాని బలమేమియు తగ్గింపక చెప్పెదను. ఆ పెద్దమనిషి మాటలో మూడు వాదములు ఇమిడియున్నవి. పోటీయన్నది గెలుపు కొరకే గనుక, అగ్రస్థానము నందుకొనలేనివాడు ఏమియు నందుకొనలేదనునది మొదటిది. ఒకని వృత్తిజీవితమునకు దాని ముగింపే గీటురాయి గనుక, చివరిదశ చెడినచో అంతయు చెడినట్లేయనునది రెండవది. భూమి కొడుకునకు సంక్రమించును, చదువు ఉద్యోగమై నిలుచును, దేహబలము మాత్రము దేహముతోడనే నశించును గనుక దానిమీద వెచ్చించిన కాలము వ్యర్థమనునది మూడవది. ఈ మూడును మూర్ఖుల మాటలు కావు. కష్టపడి బిడ్డలను పెంచి, పంట పోయిన యేడు అప్పు తీర్చిన తండ్రుల మాటలు. అయినను మూడును తప్పులే.

మొదటి వాదమును ఆ స్వీడను యోధుని చరిత్రతోడనే పరీక్షింతము. గుస్తాఫ్‌సన్ 1987లో ఆర్బోగా అను చిన్న పట్టణమున జన్మించెను. కుస్తీ, ముష్టియుద్ధము, జుజుత్సు మొదలగు విద్యలన్నియు ఒక్కచోట కలిసిన ఈ మిశ్రమయుద్ధములో, యు.ఎఫ్.సి. అను సంస్థ నడుపు ఎనిమిది మూలల బరిలో, 2009లో ప్రవేశించెను. 2010 ఏప్రిలులో అబుదాబి నగరమున ఫిల్ డేవిస్ అను అమెరికా మల్లుడు అతనిని మొదటి రౌండులోనే కంఠము బిగించి ఓడించెను; అది అతని మొదటి పరాజయము. తరువాత అతడు చేసిన పని గమనింపదగినది. పగబూని కూర్చుండలేదు, విధిని నిందింపలేదు. తన్ను ఓడించిన ఆ డేవిస్ అభ్యసించు శాన్‌డియాగో నగరమునకే పోయి, అతనితోడనే కలిసి సాధనచేసి, తాను దేనిచేత ఓడెనో ఆ కుస్తీవిద్యనే నేర్చుకొనెను. శత్రువును గురువుగా చేసికొనుటకు ఎంతటి మనోనిగ్రహము కావలయునో, పొలముగట్టు తగవులో పదియేండ్లు మాటలు మానుకొన్న అన్నదమ్ములను చూచిన మనకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ విద్య మూడేండ్లకు ఫలించెను. 2013 సెప్టెంబరు 21వ తేదీన టొరొంటో నగరములో, అంతవరకు ఆ సంస్థ బరిలో ఎవరును క్రింద పడవేయలేకపోయిన ఛాంపియన్ జాన్ జోన్స్‌ను అతడు మొదటి రౌండులోనే పట్టి పడవేసెను. ఐదు రౌండ్లు, ఒక్కొక్కటి ఐదు నిమిషములు, ఇరువురును నెత్తురోడుచు పోరాడిరి. న్యాయనిర్ణేతలు మువ్వురును విజయమును జోన్స్‌కే ఇచ్చిరి; కాని వారిలో ఇద్దరి లెక్క 48–47, అనగా ఒక్క రౌండు తేడా. 2015లో డేనియల్ కోర్మియర్ చేతిలో అతడు మరల ఓడినప్పుడు న్యాయనిర్ణేతలలోనే ఏకాభిప్రాయము లేకపోయెను. 2018లో జోన్స్ అతనిని మూడవ రౌండులో నిస్సందేహముగా ఓడించెను. ఇట్లు మూడుసార్లు ఛాంపియన్ బెల్టు చేజారినది, నిజమే. కాని 2020లో యు.ఎఫ్.సి. తన కీర్తిమందిరములో ఆ టొరొంటో యుద్ధమునకు స్థానమిచ్చినప్పుడు గెలిచినవానిని మాత్రమే నిలుపలేదు, యుద్ధమును నిలిపినది; యుద్ధమునకు ఇద్దరు కావలయును గదా. గెలుపొక్కటే విలువయైనచో ఓడినవాని పేరక్కడ ఎందులకు? ఆ రాత్రి జోన్స్ ఎంతటివాడో లోకమునకు తెలిసినది గుస్తాఫ్‌సన్ వలననే. ఒరపిడి రాయి లేనిదే బంగారమునకు వన్నె తెలియదు.

ఈ మొదటి వాదములో మరియొక లోపము కలదు. ఒక తూకపు తరగతిలో ఒకకాలమున ఒక్కడే ఛాంపియన్ ఉండును. తక్కినవారందరును శూన్యులే యైనచో, వేలాదిమంది శూన్యులపై లేచిన ఆ యొక్కని కీర్తి మాత్రము ఏపాటిది? మన పట్టణములలో ఈ రోగము క్రీడలకే పరిమితము గాదు. ఇంటరు ముగించిన పిల్లవాని చేతికి వచ్చిన ర్యాంకును బట్టి, వాడు రెండేండ్లలో నేర్చిన గణితమంతయు ఉన్నదని గాని లేదని గాని తేల్చుచున్నాము. ర్యాంకు చెడినంతమాత్రమున వాడు నేర్చిన సూత్రము మరచిపోవునా? కొలబద్దను వస్తువని భ్రమించుటయే ఈ వాదము యొక్క మూలదోషము.

ఇక రెండవ వాదము. గుస్తాఫ్‌సన్ 2019 జూనులో స్వదేశమున స్టాక్‌హోం నగరములో ఆంథొనీ స్మిత్ చేతిలో ఓడి, చేతి తొడుగులు విప్పి బరినడుమ పెట్టి విరమించెను. మరల వచ్చి 2020లో ఓడెను. 2022లో లండనులో ఒక్క నిమిషము మీద ఏడు సెకండ్లకే కూలెను. చివర చెడినది కావున అంతయు చెడినదని పూర్వపక్షి యనును. దీనికి ప్రత్యుత్తరము కొరకు స్వీడను పోనక్కరలేదు. మన తెలుగు నేలపైననే ఈ వాదమునకు గురియైన మహాపురుషు డొకడు కలడు.

కోడి రామమూర్తి నాయుడు 1882లో ఉత్తరాంధ్రమందలి వీరఘట్టమున జన్మించి, విజయనగరములో పెరిగి, అచ్చటనే కుస్తీ నేర్చి, మద్రాసు చెంత సైదాపేటలో వ్యాయామోపాధ్యాయ శిక్షణము పొంది, విజయనగరమునకు తిరిగివచ్చి పాఠశాలలో పిల్లలకు వ్యాయామము నేర్పినవాడు. పిదప పొట్టి పంతులు అను మిత్రుని తోడ్పాటుతో సర్కసు స్థాపించి దేశమెల్ల తిరిగెను. ఊపిరి బిగించి ఛాతికి చుట్టిన ఇనుపగొలుసును తెంచుట, కదలనున్న మోటారుకారును పట్టి నిలుపుట, రొమ్ముపై ఏనుగు నెక్కించుకొని భరించుట ఆయన ప్రదర్శనములు. శాకాహారియైన ఈ తెలుగువాడు లండనులో ఐదవ జార్జి చక్రవర్తి దంపతుల యెదుట బలము చూపి ‘ఇండియన్ హెర్క్యులీస్’ అనిపించుకొనెనని, స్వదేశములో ‘కలియుగ భీము’డనిపించుకొనెనని, ఆర్జించిన ధనములో అధికభాగము దానములకే వెచ్చించెనని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. కడపట కాలిమీద రాచపుండు లేచి ఆ కాలు తీసివేయవలసి వచ్చెను. ఒరిస్సాలోని బలాంగీరున సంస్థానాధీశుని ఆశ్రయమున శేషజీవితము గడపి, 1942 జనవరిలో కన్నుమూసెను.

ఈ కథను మనవారు చెప్పు తీరు నేను పెక్కుసార్లు వింటిని. ఏనుగు సంగతి ఉత్సాహముతో మొదలుపెట్టి, కాలు తీసివేసిన సంగతి రాగానే స్వరము తగ్గించి, నిట్టూర్చి, “అంతటోడికి ఆఖరికి ఏం మిగిలింది?” అని ముగింతురు. ఆ నిట్టూర్పులో జాలి లేదు. తమ బిడ్డను బరికి పంపకుండుట వివేకమను ఆత్మసంతృప్తి కలదు. నేనడుగుచున్నాను: కాలు చెడుట యోధునికే వచ్చు ఆపదయా? పుండు లేచుటకు మనిషి మల్లుడై యుండవలయునా? జీవితమంతయు గద్దెపై కూర్చుండి లెక్కలు వ్రాసినవానికి రోగము రాదా, ముదిమి రాదా, మృత్యువు రాదా? వ్యాధియు వార్ధక్యమును సర్వజనసామాన్యములు కాగా, వానిని ఒక్క యోధుని వృత్తిపై నేరముగా మోపుట ఏ ధర్మాసనము నొప్పు న్యాయము? చివరను బట్టి తీర్పు చెప్పుట మొదలుపెట్టినచో ఈ భూమిమీద సఫలమైన జీవిత మొక్కటియు మిగులదు. అందరి కథకును చివర ఒక్కటే.

పైగా, దేనిని చివరయని నిర్ణయింతువు? స్వీడను దేశపు ముష్టియోధుడు ఇంగెమార్ యొహాన్సన్ 1952 హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో అంత్యపోటీకి వచ్చి, పోరాడుటకు వెనుకాడెనను ఆరోపణతో బహిష్కృతుడై, రజతపతకము సైతము పొందక తలవంపులతో ఇంటికి చేరెను. నాడు అతని కథ ముగిసినదనుకొన్నవారు 1959లో అతడు ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ను ఓడించి ప్రపంచ ఛాంపియన్ అగుట చూచిరి. 1960లోను 1961లోను అదే ప్యాటర్సన్ చేతిలో ఓడుటయు చూచిరి. ముప్పదియేండ్ల క్రిందట నిరాకరించిన ఆ రజతపతకమును 1982లో అతని చేతిలో పెట్టుటయు చూచిరి. ఈ నాలుగింటిలో ఆఖరు ఏది? కథ నడుచుచుండగా నడుమ ఒకచోట గీత గీచి ‘ఇదే ఆఖరు’ అనువాడు తీర్పరి కాడు, తొందరపాటువాడు.

మూడవ వాదమే అన్నిటికంటె లోతైనది, దేహబలము దేహముతో నశించునను మాట. ఇందు రామమూర్తి నాయుడుగారిని ద్వేషించువారికంటె ఆరాధించువారే ఎక్కువ అపకారము చేసిరని నా దృఢవిశ్వాసము. ఆయన బలము మంత్రసిద్ధియనియు, ఏదో దేవతానుగ్రహమనియు, సామాన్యులకు అలవిగానిదనియు చెప్పుకొని మురియువారు, తెలియకయే ఆ ప్రశ్నకు బలము చేకూర్చుచున్నారు. వరముగా వచ్చినది వరము తీరగానే పోవును. అది ఇంకొకనికి అందదు. కాని ఆయన బలము వరము కాదు. సైదాపేటలో శిక్షణము పొందినవాడు, పాఠశాలలో పిల్లలను వరుసగా నిలిపి ఊపిరి ఎట్లు పీల్చవలయునో, ఎట్లు నిలుపవలయునో నేర్పినవాడు, తన బలమునకు హేతువు సాధనయని తన జీవికతోడనే చాటినాడు. గొలుసు తెగుట అద్భుతము కాదు. ఊపిరితిత్తుల నిండ గాలి నింపి, ప్రక్కటెముకల నడుమ కండరములతో ఛాతిని క్రమముగా వ్యాకోచింపజేయు అభ్యాసఫలము. సాధనచేత వచ్చినది బోధనచేత పోవును; పోవుటయనగా నశించుట గాదు, ఒకరినుండి వేరొకరికి చేరుట. ఏనుగు నెక్కించుకొన్న రొమ్ము 1942లోనే మట్టిలో కలిసెను. వ్యాయామము పాఠశాలలో ఒక విద్యగా ఉండదగునను భావము కలియలేదు. శ్రీకాకుళములో ఆయన పేర క్రీడామైదానము కలదు. విశాఖపట్టణమున సముద్రతీరపు బాటలో ఆయన విగ్రహము కలదు. విగ్రహము స్మరణము మాత్రమే, మైదానము మిగులుట.

ఈ విద్య దేహముతో నశించునదే యైనచో మన పూర్వులు దానిని గ్రంథస్థము చేసియుండరు. పన్నెండవ శతాబ్దిలో కళ్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు తన ‘మానసోల్లాస’ములో రాజనీతితోడను సంగీతముతోడను సమానముగా మల్లవినోదమునకు స్థానమిచ్చి, మల్లుల తరగతులను, వారి ఆహారమును, నిత్యాభ్యాసమును వివరించెను. నల్లగొండ చెంత పానుగల్లు నేలిన కందూరు చోడులు ఆ చాళుక్యుల సామంతులే. రాజులు గ్రంథములు వ్రాయదగిన విద్యయని యెంచిన దానిని, వారి యేలుబడిలోనుండిన నేలపై బుట్టిన మనము తన్నులాటయని నవ్వుట తగునా? తాలీంఖానాలో ముసలి పహిల్వాను పట్టు పట్టలేకపోవచ్చును. కాని గోదా అంచున కూర్చుండి, పిల్లవాని మోకాలు ఒక్క అంగుళము వంకరగా పడినను కేకవేసి సరిదిద్దును. ఆ అంగుళములోనున్నది అతని ఇరువదియేండ్ల విద్య.

ఇక మన ఊరి సంగతికి వత్తము. సూర్యాపేటలో నిలువెత్తు విగ్రహ మొకటి కలదు, కల్నల్ సంతోష్‌బాబుది. 2020 జూన్ 15వ తేదీ రాత్రి గల్వాన్ లోయలో, తుపాకి పేలని యుద్ధములో, బాహాబాహిగా సాగిన ఘోరసమరములో, 16వ బీహారు పటాలమునకు నాయకుడై ఆయన ప్రాణములర్పించెను. ఇరువది మంది భారతవీరులు ఆ రాత్రి నేలకొరిగిరి. ఆయన బాల్యమున చదివినది కోరుకొండ సైనిక పాఠశాలలో. అది రామమూర్తి నాయుడు పిల్లలకు వ్యాయామము నేర్పిన ఆ విజయనగరమునకు సమీపమున నున్నది. క్రీడకును దేశరక్షణకును గల భేద మెరుగనివాడను కాను. బెల్టు కొరకు చేయు పోరును ప్రాణార్పణముతో సమానము చేయుట అపచారము. నేను చెప్పుచున్నది ఒక్కటే: దేహమును శిక్షించి, భయమును జయించి, ఎదుటివాని బలమునకు ఎదురునిలుచు విద్య విలువలేనిదని నమ్మువారు, ఆ విగ్రహము ముందు చేతులెట్లు జోడింపగలరు? అక్కడ నిలిచి “ఆఖరికి ఏం మిగిలింది?” అని అడుగగలవాడు మన పట్టణమున ఒక్కడును లేడు. అడుగలేడేమి? ఆ చోట మన హృదయమునకు సత్యము తెలియును గనుక. పెండ్లిపందిట మాత్రము నాలుక దానిని మరచును.

2021 మార్చి 22వ తేదీని సూర్యాపేట మరువదు. 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల ప్రారంభమును చూడవచ్చిన జనముతో క్రిక్కిరిసిన గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడిరి. ఆ దుర్ఘటనలో నాకు తోచిన దొకటి కలదు. బిడ్డలను మైదానమునకు పంపుటకు వెనుకాడు ఊరే, పరుల బిడ్డలు పట్టుపట్టి పడవేయుటను చూచుటకు అంతమందియై తరలివచ్చెను. చూచుటకు పండుగ, చేయుటకు పాడుపని యను ఈ రెండు నాలుకల ధోరణిని విడువనంతకాలము మనకు క్రీడాకారులను గూర్చి తీర్పు చెప్పు అధికారము లేదు.

ఓడినవాని విలువ మన నేలకు తెలియనిదియు గాదు. మిర్యాలగూడనుండి వాడపల్లి మీదుగా కృష్ణ దాటినచో పల్నాడు. పన్నెండవ శతాబ్దిలో కారెంపూడి రణరంగమున బాలచంద్రుడు మొదలగు వీరులు కూలిపోయిరి. నాటి గెలుపు గెలిచినవారికిని నిలువలేదు. రాజ్యము లిరువైపుల శిథిలమాయెను. అయినను ఏటేట కార్తికమాసమున ఆ వీరుల ఆయుధములను పూజించుటకు జనము కారెంపూడి చేరుచునే యున్నది. ఎనిమిది వందల యేండ్లు ఓడినవారిని మ్రొక్కిన జాతికి, ఓటమిలో మిగులునది ఏమో తెలియదనుట ఆత్మవంచన.

నా పక్షములోని బలహీనతను దాచను. ఈ పోరులో దేహము నలుగును. తలపై పదేపదే తగిలిన దెబ్బలు కొందరికి ముదిమిలో మతిని హరించును. విరమించినపిదప పూటగడవక బాధపడు పహిల్వానులు మన రాష్ట్రములలోనే కలరు. ఇది సత్యము, అందుచేతనే తండ్రుల భయమును నేను పరిహసింపను. కాని ఆపదకు మందు అవహేళన గాదు, వ్యవస్థ. స్వీడను దేశము 1970లో వృత్తి ముష్టియుద్ధమును నిషేధించినది. ఆ భయము మన పెద్దలకంటె వారికి తక్కువ గాదు. అయినను వారు నిషేధముతో ఆగిపోక, పెక్కేండ్లు విచారించి, ఇట్టి పోరాటములకు ప్రభుత్వానుమతియు వైద్యనియమములును విధించు చట్టమును 2006లో చేసికొనిరి. భయమును నియమముగా మార్చుకొన్న దేశములో గుస్తాఫ్‌సన్ పోరు చూచుటకు 2015 జనవరిలో ముప్పదివేలమంది స్టాక్‌హోం క్రీడాంగణమునకు వచ్చిరి. ఆ రాత్రియు అతడు ఓడెను. మనమో, భయమును ఎగతాళిగా మార్చుకొంటిమి. నిజముగా భయపడువాడు బిడ్డను ఎగతాళి చేయడు. తల కాపాడు తొడుగు ఉన్నదా, వైద్యుడు కలడా, గురువు ఎవరు, చదువు ఆగలేదు గదా, విరమించిన తరువాత శిక్షకుడగు మార్గము కలదా అని అడుగును. ఆ ప్రశ్నలకు ప్రత్యుత్తరము కలదు. ‘ఆఖరికి ఏం మిగిలింది’ యను దానికి లేదు, ఏలయన అది ప్రత్యుత్తరము కోరదు.

సాగరు ఎడమకాలువ మిర్యాలగూడ పొలములను తడిపి, హుజూర్‌నగరు మీదుగా కోదాడ వైపు సాగును. చివరి ఆయకట్టుకు నీరందని యేడు కోదాడ రైతు అధికారులను నిలదీయును, ధర్నా చేయును, కన్నీరు పెట్టును. కాని కాలువ తవ్వుటయే వ్యర్థమని మాత్రము ఎన్నడును అనడు. దారిపొడుగున పచ్చబడిన మళ్లను అతడు కన్నులార చూచినాడు. నీటి విషయమున ఇంతటి వివేకముగల మనము, మనిషి విషయమున మాత్రము చివరి మడిలో చేయిపెట్టి చూచి, తడి లేదని కాలువ మొత్తమును నిందించుచున్నాము.

నాడు పందిట నవ్విన పెద్దమనిషికి నా విన్నపము. అయ్యా, మీ మనుమడు హైదరాబాదులో తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచుచున్నాడు. ఈసారి నగరమునకు పోయినపుడు ఒక్కపూట అతని వెంట తాలీముకు పొండు. గోడప్రక్క కుర్చీ వేసికొని కూర్చుండుడు. తన్ను పడవేసినవానికి చేయి అందించి లేచి, అదే పట్టు మరల చూపుమని అడుగుచున్న ఆ బాలుని ముఖమును చూడుడు. తరువాత మీరడుగవలసిన దేమైన నున్నచో అతనినే అడుగుడు. ఈ మారు అతడు తల వంచుకొనడు.